పదకొండో సీసా

కడియం
12-2-1997

మా చెల్లెలు రత్నమాణిక్యానికి అన్న బుల్లబ్బాయి రాయునది.

ఉభయకుశలోపరి అని రాయను. నేను కుశలంగా లేను. ఇరవయ్యారేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఒకటుంది. మింగలేకపోయాను. అదే రాస్తున్నాను.

అమ్మ దినాలు అయిన మర్నాడు నువ్వు మన ఇంట్లోంచి మందుసీసాల టేకుపెట్టె బండిలో పెట్టించుకుని వెళ్ళిపోయావు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మీ వదిన అచ్చాయమ్మ నా వెనకాల నిలబడి చూసింది. అమ్మకి పందొమ్మిదేళ్ళు వండి పెట్టిన మనిషి. ఆఖరి ఆరు నెలలూ మంచం మీద అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టిన మనిషి. ఆ పెట్టె అత్త చేతిలోంచి కోడలి చేతిలోకి రావాలి. నాన్న నాయనమ్మ ధవళేశ్వరంలో దొర బంగళాలో పని చేసిన నాటి నుంచి అదే పద్ధతి. దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ఆవిడకిచ్చింది. ఆవిడ కోడలికిచ్చింది. ఆ కోడలు మన అమ్మకిచ్చింది. అమ్మ మాత్రం కూతురికిచ్చింది. "నేనేం తప్పు చేశానండీ" అని అచ్చాయమ్మ నన్ను అడిగింది. పోయే ముందు కూడా అదే అడిగింది.  నీ దగ్గర జవాబు ఉందా?

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పేపరు చూశాను. నీ మనవరాలు దుర్గాశ్రీ రాజమండ్రిలో వాళ్ళ కాలేజీలో మన సీసాలు బల్ల మీద పేర్చిందట. ఫొటో వేశారు. కింద నీ పేరు, మీ ఊరి పేరు. నా పేరు లేదు, నాన్న పేరు లేదు. అమ్మిరాజు టీకొట్టు దగ్గర నలుగురూ మూగి చదువుతున్నారు. అమ్మిరాజు ఊరుకుంటాడా? "ఏవండీ సీసాల బుల్లబ్బాయి గారూ, సీసాలేమో నిడదవోల్లో, తమరేమో ఇక్కడానండీ? మధ్యలో బిరడా ఎవరి దగ్గరుందేంటండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. టీ తాగకుండా వచ్చేశాను.

ఊళ్ళో మనల్ని ఇప్పటికీ సీసాలోరు అనే అంటారు. నా నర్సరీకి లారీ వచ్చినా "సీసాలోరి తోట ఎటండీ" అనే అడుగుతాడు డ్రైవరు. ఇంట్లో చూస్తే ఒక్క సీసా లేదు.

ఆ పేపరువాడు అసలు సంగతి రాయలేదు. నీ మనవరాలికి చదివి వినిపించు. ఆ రోజుల్లో ఆస్పత్రిలో మందు ఇచ్చేవారు గాని సీసా ఇచ్చేవారు కాదు. సీసా మనమే పట్టుకెళ్ళాలి. కాంపౌండరు మందు పోసి, కాయితం ముక్కని పళ్ళు పళ్ళుగా కత్తిరించి సీసాకి అంటించేవాడు. పంటికో మోతాదు. సీసా లేనివాడు కొబ్బరిచిప్ప పట్టుకెళ్తే తిట్టి పంపేవాడు. అందుకని ఊరూ పేటా అంతా మన గుమ్మంలోకే వచ్చేవారు. అమ్మ ఎవరికీ లేదనలేదు. మనిషి పేరు అడిగేది, సీసా కడిగి ఇచ్చేది, నయమయ్యాక తెచ్చి ఇమ్మనేది. అంతే.

ఆ పెట్టె మూత తీస్తే నీలం, ఆకుపచ్చ, తేనెరంగు. తూర్పు కిటికీలోంచి ఎండ తగిలితే గోడంతా వెలుగు పాకేది. దేవుడంటే అదే అనుకునేవాడిని చిన్నప్పుడు.

ఇంకో సంగతి. ఫొటోలో పది సీసాలు ఖాళీగా ఉన్నాయి. చివర్న ఒకటి, భుజాలు పలకలుగా ఉన్నది, అందులో ఏదో ఉంది. బిరడా మీద మైనం ఉంది. అది నీలం సీసా. ఫొటో నలుపూ తెలుపూ అయినా నాకు తెలుసు. అందులో ఏంటి? ఎవరు పోశారు? ఎప్పుడు పోశారు? సీసాల ఒంటి నిండా గీకుళ్ళు కూడా ఉన్నాయి. బూడిదేసి తోమించావా?

పెట్టె నాకు పంపించు. ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. నా రాత చూసి నవ్వకు.

బుల్లబ్బాయి


నిడదవోలు
20-2-1997

అన్నయ్యకి మాణిక్యం నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారి వదిన గుమ్మంలో నిలబడ్డం గుర్తొచ్చి ఏడిచాను. ఇరవయ్యారేళ్ళలో మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చావు? పెళ్ళిళ్ళకి వచ్చావు, తద్దినాలకి వచ్చావు. వచ్చిన ప్రతిసారీ వీధరుగు మీదే కూచున్నావు. లోపలికొచ్చి ఒక్కసారి పెట్టె చూడలేదు. ఇప్పుడు టీకొట్టు వాడు ఏదో అన్నాడని కోపమా?

పెట్టె నేను అడగలేదు. అమ్మ ఇచ్చింది. వదినకి కాదని నాకెందుకిచ్చిందో ఒక్క ముక్క చెప్పింది. అది రాస్తే నీకు నచ్చదు. అందుకే ఇన్నాళ్ళూ దాచాను. ఇప్పుడూ రాయను.

సీసాల మీద ఉన్నవి గీకుళ్ళనుకున్నావా? నేనూ అలాగే అనుకునేదాన్ని. పెట్టె ఇచ్చిన రోజున అమ్మ నా వేలు పట్టుకుని సీసా మీద రుద్దింది. గరుకుగా తగిలింది. సీసా తీసుకెళ్ళినవాళ్ళు నయమై తిరిగి తెచ్చిస్తే, పలుగురాయితో ఒక చిన్న గీత గీసేదట. పోతే ఒక చుక్క. వాళ్ళత్తగారూ అలాగే చేసేదట, ఆవిడ అత్తగారూ అంతే. ఎవరికీ చెప్పలేదు. చెప్తే చుక్క పడిన సీసాని ఎవరూ ముట్టుకోరని.

దుర్గాశ్రీ భూతద్దం పెట్టి లెక్కపెట్టింది అన్నయ్యా. నాలుగు రోజులు పట్టింది. అడుగున ఉన్నవి అరిగిపోయి, ఎండకి వాలుగా పడితేనే కనిపిస్తున్నాయి. పదకొండు సీసాల మీదా కలిపి గీతలు నాలుగు వందల పదిహేడు. చుక్కలు ముప్పై ఎనిమిది. ఆ పిల్ల లెక్క చెప్పి సీసాల ముందే కూచుంది. మామ్మా, ఇంతమందీ ఈ చిన్న పెట్టెలోనే ఉన్నారా అంది. కాపులు, బ్రాహ్మలు, పేటవాళ్ళు, అందరికీ ఒకే గీత. ఏది ఎవరిదో అమ్మకే తెలుసు. నాలుగు వందల పదిహేడు మంది, అన్నయ్యా! వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. మీ కడియం బజారులో రోజూ నీకు ఎదురయ్యేవాళ్ళలో ఎంతమందో! ఆ అమ్మిరాజు తాత గీత కూడా ఉండే ఉంటుంది. ఈసారి వాడితో చెప్పు.

నీలం సీసాలో ఉన్నది మందు. జ్వరానికిచ్చే చేదు కొయినా అనుకుంటాను, తేటగా ఉంది. "ఇది పెద్దోడు తెచ్చిన మందు. మూత తీయకు, ఎవరికీ ఇవ్వకు" అంది అమ్మ. ప్రతి ఏడూ పాత మైనం మీద కొత్త మైనం పూస్తున్నాను. దేవుడి గూట్లో ఉంచాను. మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆ సీసా నుదుటికి ఆనిస్తాను. చల్లగా ఉంటుంది. పిల్లలు వెంటనే నిద్రపోతారు. దుర్గాశ్రీ ఒక్క చుక్క తీసి వాళ్ళ కాలేజీలో పరీక్ష చేయిస్తానంటోంది.

మందు తెచ్చినవాడివి నువ్వే. ఏం మందో నువ్వే చెప్పు.

మాణిక్యం


కడియం
1-3-1997

మాణిక్యానికి,

ఆ సీసా ఎవరి నుదుటికీ ఆనించకు. దేవుడి గూట్లోంచి తీసెయ్యి. మూత తీయనివ్వకు. పరీక్ష వద్దని నీ మనవరాలికి గట్టిగా చెప్పు.

పెట్టె నాకొద్దు. పది సీసాలూ నువ్వే ఉంచుకో. పేపర్లో ఎవరి పేరైనా వేసుకో. ఆ ఒక్క సీసా నాకు పంపు.

కారణం అడక్కు.

బుల్లబ్బాయి


నిడదవోలు
19-3-1997

అన్నయ్యకి,

"కారణం అడక్కు" అని రాశావు. అచ్చం అమ్మ అన్నట్టే ఉంది. అందుకని ఇంక దాచను.

ఆ రోజు అమ్మ అన్న మాట ఇది. "ఈ పెట్టె కోడలికిస్తే రోజూ పెద్దోడి కళ్ళ ముందు ఉంటుంది. వాడు చూడలేడు. నువ్వు తీసుకుపో. కోడలు బాధపడుతుంది, నాకు తెలుసు. పడనీ." ఎందుకమ్మా అంటే "అడక్కు" అంది. వదినకి ఇది చెప్తే నిన్ను నిలదీస్తుందని భయపడ్డాను. ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. ఆవిడ బతికుండగా చెప్పలేకపోయినందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

నువ్వు రాశాక సీసా గూట్లోంచి తీశాను. దుర్గాశ్రీ దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి ఎండకెత్తి పట్టుకుంది. ఇన్నేళ్ళూ దణ్ణం పెట్టుకున్నానే గాని నేనలా ఎప్పుడూ చూడలేదు. అడుగున గోరు మందాన మెత్తటి మట్టి పేరుకుని ఉంది. పైన నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, అవతల ఉన్న జామచెట్టు ఆకుల ఈనెలు కూడా కనిపించాయి. కొంచెం కదిపితే మట్టి పొగలాగా లేచింది. మధ్యాహ్నం లేచింది సాయంత్రానికి మళ్ళీ అడుగుకి చేరింది. ఒక్క రేణువు పైన మిగల్లేదు. మేమిద్దరం పనులు మానేసి దాన్నే చూస్తూ కూచున్నాం.

"మందులో మట్టి ఉండదు మామ్మా" అంది పిల్ల.

కాయితం పళ్ళు ఇంకా అంటుకునే ఉన్నాయి. నీళ్ళు పై పన్ను నుంచి ఒక్క పన్ను కిందికి దిగాయి. ఇన్నేళ్ళలో అంతే.

సీసాలో ఏముంది అన్నయ్యా? చెప్తేనే పంపుతాను.

మాణిక్యం


కడియం
21-4-1997

మాణిక్యానికి,

నెల రోజులు పట్టింది. నాలుగు ఉత్తరాలు చింపేశాను. కాలవలు కట్టేశారు. అడుగు ఎండి బీటలు వేసింది. మొక్కలకి బోరు నీళ్ళు పెడుతున్నాం.

మనకి అబ్బులు అని ఒక తమ్ముడు ఉండేవాడు. నీకు నాలుగేళ్ళు, గుర్తుండదు. వాడికి ఆరు, నాకు పది. కార్తీకమాసం. వాడికి జ్వరం వచ్చి వదల్లేదు. నాన్న ఊళ్ళో లేడు, పాలేరు కట్టెలకెళ్ళాడు. అమ్మ వాణ్ణి వదిలి కదల్లేదు. నన్ను పంపింది. నీలం సీసా గుడ్డలో చుట్టి నా చంకకి కట్టింది. "పరిగెత్తకు, ఆగకు" అంది.

కాలవ గట్టు మీద నాలుగు మైళ్ళు. బడి దాటాలి, కాలవలో పడవల్ని ఎక్కించి దించే లాకులు దాటాలి. కాంపౌండరు కొయినా పోశాడు. ఆరు పళ్ళ కాయితం అంటించాడు. వచ్చేటప్పుడు లాకుల దగ్గర ఆగాను.

పడవ వచ్చింది మాణిక్యం. తెరచాప దించుకుని వచ్చింది. ధాన్యం బస్తాలు, మనుషులు, పొయ్యి, పొయ్యి మీద కుండ, కుండలో ఉడుకుతున్న కూర. మొత్తం సంసారం. ఈ తలుపులు మూశారు. ఆ తలుపుల్లోంచి నీళ్ళు వదిలారు. అంత పడవా చప్పుడు లేకుండా కిందికి దిగిపోయింది. మునిగిపోతోందనుకున్నాను. మునగలేదు. కుండలో కూర తొణకలేదు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఇప్పటికీ అంత గొప్పది ఇంకోటి చూడలేదు నేను. లక్ష మొక్కలకి అంట్లు కట్టాను, చూడలేదు.

సీసా చంకలో బరువుగా ఉందని పక్కన దూలం మీద పెట్టాను. లాకు తలుపు తిప్పే దూలం అది. నాకు తెలీదు. తలుపు తెరవడానికి ఇద్దరు మనుషులు దాన్ని తోశారు. సీసా గడ్డిలో పడింది. పగల్లేదు. బిరడా ఊడింది. మందు మొత్తం భూమి తాగేసింది.

పగిలినా బాగుండేది. పగిలితే ఏడుస్తూ ఇంటికెళ్ళి చెప్పేవాణ్ణి.

కొయినా నీళ్ళలాగే ఉంటుంది. పైగా నీలం గాజులో ఏం పోసినా నీలంగానే కనపడుతుంది. మెట్లు దిగి కాలవలో ముంచాను. కాయితం మీద పై పన్ను దాకా, సరిగ్గా అక్కడి దాకా పోశాను. ఎక్కువైతే వంపాను. అంత తెలివి ఎక్కణ్ణించి వచ్చిందో ఆ వయసులో.

అమ్మ చేతికిచ్చి గడ్డిమేటు వెనక్కి పోయాను. పొద్దుపోయాక ఎవరో ఎత్తుకొచ్చి వసారాలో పడుకోబెట్టారు. కళ్ళు తెరవలేదు. మర్నాడు మధ్యాహ్నం అబ్బులు పోయాడు.

నా రాతకి నువ్వు ఎప్పుడూ నవ్వుతావు. నేను మూడో క్లాసుతో ఎందుకు మానేశానో అడగలేదు. బడి ఆ గట్టు మీదే. ఆ తరవాత నేను ఆ గట్టు తొక్కలేదు. అరవై రెండేళ్ళు. లాకుల మీదుగా పోవాల్సిన చోటికి కూడా చుట్టూ తిరిగి పోయాను. లారీలు అటు పోతే డ్రైవర్లని పంపాను, నేను పోలేదు.

తమ్ముణ్ణి కాలవ నీళ్ళు పోసి చంపాను. నువ్వు ఆ సీసా పిల్లల నుదుటికి ఆనిస్తున్నావు. దణ్ణం పెడుతున్నావు.

మిగతా నీళ్ళు అమ్మ ఎందుకు దాచింది? తెలిసి దాచిందా? తెలిసే ముప్పయ్యారేళ్ళు నా కంచంలో అన్నం పెట్టిందా? ఫొటోలో ఆ సీసా చూసిన రోజు నుంచి నాకు ఇదే. ఇంట్లో అడగడానికి మనిషి లేదు. మన పాలేరు యెహెజ్కేలు అప్పుడు పద్దెనిమిదేళ్ళవాడు, ఆ రోజు నేను తిరిగొచ్చేసరికి ఇంట్లో ఉన్నాడు. వాణ్ణి నలభై ఏళ్ళు ఎదురుగా పెట్టుకుని కూడా అడగలేదు. ఇప్పుడు మీ ఊళ్ళోనే కూతురు రూతు దగ్గర ఉంటున్నాడని విన్నాను.

నువ్వు అడుగు. నాకు ఏదైనా పర్వాలేదు. అబద్ధం మాత్రం రాయకు.

బుల్లబ్బాయి


నిడదవోలు
5-5-1997

అన్నయ్యకి,

నువ్వు రాసింది ఎవరికీ చదివి వినిపించలేదు. అబద్ధం రాయొద్దన్నావు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

నిన్న నీలం సీసా గుడ్డలో చుట్టుకుని రైలుగేటు అవతల రూతు ఇంటికెళ్ళాను. యెహెజ్కేలుకి చూపు ఆనట్లేదు. నులకమంచం మీద కూచుని ఉన్నాడు. ఏమీ చెప్పకుండా సీసా చేతిలో పెట్టాను. రెండు చేతులతో సీసా భుజాలు తడిమాడు. ముఖం మారిపోయింది.

"ఇది పెదబాబు సీసా అండి. ఇంకా ఉందా అండి?" అన్నాడు.

నువ్వు రాసింది చెప్పాను.  రూతు మంచినీళ్ళు తెచ్చిస్తే అవి పట్టుకుని కూచున్నాడు. తరవాత చెప్పాడు.

"అమ్మగారు ఎవరికి ఏ మందు పట్టినా ముందు ఒక చుక్క తన నాలిక మీద వేసుకునేవారండి. పిల్లలకి తెలీదు, పొయ్యి దగ్గరే చేసేవారు. ఆ రోజూ వేసుకున్నారు. నేను అక్కడే కట్టెలు దించుతున్నాను. 'చేదు లేదురా యెహెజ్కేలూ, ఇది కాలవ నీళ్ళు' అన్నారండి. పెదబాబుని పిలుచుకొస్తానమ్మా అన్నాను. నోటి మీద వేలేసుకుని చూపించారు. 'వాడు ఎంత భయపడితే ఈ పని చేసుంటాడు! ఒకడు మంచం మీద ఉన్నాడు. రెండోవాణ్ణి నేను భయానికి ఇచ్చుకోలేను. ఎవరికీ చెప్పకు' అన్నారండి. ఆవిడ వేలు ఇంకా నా నోటి మీదే ఉందండి. పెదబాబు తనంతట తాను చెప్పారు కాబట్టి ఇప్పుడు తీస్తున్నాను."

అబ్బులు ఆ నీళ్ళు తాగలేదు అన్నయ్యా. ఒక్క చుక్క కూడా. అమ్మ నాలిక మీద పడిన చుక్క తప్ప ఆ సీసాలోంచి ఎవరి నోట్లోకీ ఏమీ పోలేదు, తగ్గిన ఆ ఒక్క పన్నూ ఇన్నేళ్ళలో ఆవిరైంది.

అమ్మ పొడుగు ఆకుపచ్చ సీసా ఇచ్చి యెహెజ్కేలుని పరిగెత్తించిందట. దీపాలు పెట్టే వేళకి అసలు మందు తెచ్చాడు. అబ్బులు మూడు మోతాదులు తాగాడు. అయినా దక్కలేదు. నేను ఇంటికొచ్చి ఆకుపచ్చ సీసా తీసి చూశాను. అడుగు దగ్గర మిగతా వాటికి దూరంగా ఒక చుక్క ఉంది. అది అబ్బులుది. నీలం సీసా మీద ఒక్క చుక్క కూడా లేదు. దుర్గాశ్రీ చేత మళ్ళీ చూపించాను. లేదు.

అబద్ధం రాయొద్దన్నావు గనక ఇది కూడా రాస్తున్నాను. ఒక పూట ఆలస్యమైంది. ఆ పూట ముందు మందు పడితే ఏమయ్యేదని యెహెజ్కేలుని అడిగాను. "నాకు తెలీదండి. ఆ డాక్టరు గారికీ తెలీదండి. దేవుడికే తెలియాలి" అన్నాడు. నేనూ అంతకంటే రాయలేను.

ఆ నీళ్ళు పారబోసి సీసా కడిగిస్తానమ్మా అంటే అమ్మ వద్దందట. "నా కొడుకు నాలుగు మైళ్ళు మోసుకొచ్చాడు" అని తనే మైనం కరిగించి పోసిందట.

ఇంకొకటి. నీలం సీసా మీద పాత గీతలన్నీ అడుగున ఉన్నాయి. ఒక్కటి మాత్రం పైన, మైనం పక్కనే ఉంది. లోతుగా ఉంది. మైనం పోశాక ఆ సీసా ఎవరికీ ఇవ్వలేదు కదా, మరి ఈ గీత ఎవరిదని అడిగాను. యెహెజ్కేలు నవ్వాడు. పళ్ళు లేవు, అయినా ఎంత బాగా నవ్వాడో.

"అబ్బులుబాబు పోయాక పెదబాబు ఏడాది పాటు ఎవరితోనూ మాట్లాడలేదండి. అన్నం ముందు పెడితే తినేవారు, లేకపోతే లేదు. పక్కూరి తోటమాలి దగ్గర అంటు కట్టడం నేర్పించారు అయ్యగారు. ఒక పొద్దున్న పెదబాబు పాదు దగ్గర్నుంచి 'అమ్మా, చిగురేసిందే!' అని అరిచారండి. ఊరంతా వినపడేలాగా. అమ్మగారు లోపలికెళ్ళి నీలం సీసా తెచ్చుకుని, గుమ్మంలో కూచుని పలుగురాయితో గీత గీశారు. ఎవరికి నయమైందమ్మా అన్నాను. పాదు వైపు చూశారండి."

దుర్గాశ్రీ లెక్కలో అది కూడా ఉంది. నాలుగు వందల పదిహేడులో ఒకటి.

సీసా మళ్ళీ దేవుడి గూట్లోనే పెట్టాను. ఏమనుకుంటావో అనుకో.

మాణిక్యం


కడియం
16-5-1997

చెల్లెలు రత్నమాణిక్యానికి అన్న బుల్లబ్బాయి రాయునది.

నీ ఉత్తరం వచ్చి వారమైంది. రోజూ కొంచెం చదువుతున్నాను. కూడబలుక్కుని చదివేవాణ్ణి నేను, ఒకసారి చదివితే అవ్వదు. "పాదు వైపు చూశారండి" దగ్గరికొచ్చాక ప్రతిసారీ ఆగిపోతున్నాను.

ఆ అంటు ఇంకా ఉంది. నీకు తెలీదు. పెరటి గోడ పక్కన ఉన్న పెద్ద మామిడిచెట్టు అదే. కాపు తగ్గిపోయింది, కొట్టేసి షెడ్డు వేద్దామని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. ఇంక కొట్టను.

ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. ఆవిడకి అప్పుడు ముప్పై ఏళ్ళు కూడా లేవు. పక్కన ఒక కొడుకు కాలిపోతున్నాడు. అప్పుడు నా సంగతి ఆలోచించింది. నాకు డెబ్భై రెండేళ్ళు. ఇన్నాళ్ళు బతికి ఇంత పెద్ద పని చేసిన మనిషిని ఇంకొకరిని చూడలేదు. ఆ మనిషి చేత్తో అన్నం తిన్నాను. తెలీకుండా తిన్నాను. ఆ పడవ కంటే గొప్పది చూడలేదని రాశాను కదా. అది కొట్టెయ్యి.

ఒక పూట ఆలస్యమైంది. అది నాది. అది నేనే మోసుకుంటాను. నువ్వు తీసెయ్యడానికి చూడకు.

అచ్చాయమ్మ ఫొటో ముందు కూచుని నీ ఉత్తరం పైకి చదివాను. నీ తప్పేమీ లేదే అని చెప్పాను. ఎనిమిదేళ్ళు ఆలస్యంగా చెప్పాను. పెట్టె నీ దగ్గరే ఉంచు. అమ్మ చూసే ఇచ్చింది. నీ తరవాత దుర్గాశ్రీకివ్వు. లెక్కపెట్టిన పిల్లకే ఉండాలి. ఆ పేపరువాడికి మాత్రం మన అమ్మ పేరు వెయ్యమని రాయించు. నా పేరు అక్కర్లేదు. అమ్మిరాజుకి వాళ్ళ తాత గీత సంగతి చెప్పాను. టీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు. తరవాత "మా తాత ఏ సీసా తాగాడండీ, ఆకుపచ్చదా అండీ?" అని అడిగాడు. ఇప్పుడు రోజూ అదే అడుగుతున్నాడు. చంపేస్తున్నాడు.

ఇప్పుడు నేను చెప్పేది శ్రద్ధగా విను.

జూన్ ఐదో తారీకున కాలవకి నీళ్ళొదులుతారని కాలవ కాపలా చూసే లస్కరు చెప్పాడు. ఆ రోజు పొద్దున్న నేను గట్టు మీద నడిచి లాకుల దగ్గరికి వెళ్తాను. ఒక్కణ్ణే నడుస్తాను. పడవలు ఇప్పుడు లేవు. నీళ్ళు వస్తాయి. నువ్వు నీలం సీసా తీసుకుని బస్సులో వచ్చి లాకుల దగ్గర దిగు. ఎవరి చేతా పంపకు. మైనం కదిలించకు. పారబోస్తానేమోనని భయపడకు. నేను మోసుకొచ్చింది నేనొకసారి ఎండకెత్తి చూడాలి. ఆ గీత మీద వేలు పెట్టాలి. తరవాత నీ గూట్లోనే పెట్టుకో.

యెహెజ్కేలు రాగలిగితే తీసుకురా. నా పక్కన దూలం మీద కూచోబెడతాను. ఆ దూలం ఎవరూ తోయకుండా నేను చూసుకుంటాను.

వస్తావా, రావా? మే ఇరవై ఎనిమిది లోపు నీ జవాబు నా చేతికందాలి. పెద్ద ఉత్తరం రాయకు, చదవలేను. వస్తున్నానని ఒక్క ముక్క రాయి.

నీ అన్న
బుల్లబ్బాయి